జుట్టు పరీక్షలో థైరాయిడ్, అడ్రినల్ సమస్య అన్నారు: థైరాక్సిన్ మాత్ర ఆపేయాలా?

ముందు ఒక మాట చెప్పి మిగతాది తర్వాత రాస్తానమ్మా. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర ఆపకండి. ఇప్పటికే ఆపేసి ఉంటే రేపు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టి, ఎన్ని రోజులు మానేశారో మీ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. గర్భం కోసం చూస్తున్నా, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ఆ ఫోన్ ఈరోజే చేయండి.

మీరు అడిగింది చదవని వాళ్ల కోసం క్లుప్తంగా: వయసు 36, ఊరు విజయవాడ. నాలుగేళ్లుగా రోజుకి 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వేసుకుంటున్నారు. నెలన్నరగా జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది, ఒంట్లో ఓపిక లేదు. ఒక వెల్‌నెస్ సెంటర్‌లో తొమ్మిది వేలు తీసుకుని పెడతల దగ్గర జుట్టు కత్తిరించి పరీక్షకి పంపారు. కాల్షియం, మెగ్నీషియం, రాగి బాగా ఎక్కువ, సోడియం, పొటాషియం తక్కువ అని వచ్చింది. దాన్ని చూసి 'థైరాయిడ్ హార్మోన్ కణాల్లోకి వెళ్లడం లేదు, అడ్రినల్ గ్రంథులు (కిడ్నీల మీద ఉండేవి) అలిసిపోయాయి, ఒంట్లో రాగి విషంలా పేరుకుంది' అన్నారు. ఆరు నెలలు వాళ్ల సప్లిమెంట్లు వాడాలి, రాగి చెంబులో నీళ్లు మానాలి, థైరాయిడ్ మాత్ర మెల్లగా వదిలేయాలి, ఆరేళ్ల పాపకి కూడా ఈ పరీక్ష చేయించాలి అన్నారు. ఇందులో ఎంత నమ్మొచ్చు అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్లుగా ఆస్పత్రి ల్యాబుల్లో క్లినికల్ బయోకెమిస్ట్రీ పని చేస్తున్నాను. ఇలాంటి రంగుల రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ జుట్టు ల్యాబుకి వెళ్లాక జరిగేది ఇదీ. చెంచాడు జుట్టు, తూకం వేస్తే 150 మిల్లీగ్రాములు కూడా ఉండదు. నైట్రిక్ యాసిడ్‌లో వేసి వేడి చేస్తే వెంట్రుక ఆనవాలు లేకుండా కరిగి నీళ్లలా తేటగా అవుతుంది. ఆ ద్రవాన్ని తుంపర చేసి, 6,000 డిగ్రీలు దాటిన ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. అందులో ఏ మూలకం ఎంత ఉందో యంత్రం లెక్కపెడుతుంది. నూరు కోట్లలో ఒకటి రెండు వంతులున్నా పట్టుకోగల యంత్రం అది. దాని లెక్క మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ కాల్షియం మీ రక్తంలోంచి వచ్చిందా, మీ బాత్రూం బకెట్లోంచి వచ్చిందా అన్నది ఆ యంత్రం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

వెంట్రుక కుదురు దగ్గర మాత్రమే బతికి ఉంటుంది. అక్కడ రక్తం అందుతుంది, కణాలు విభజన చెందుతాయి, రక్తంలో తిరుగుతున్న వాటిలో కొన్ని ఆ పోగులోకి చేరతాయి. నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పైకి వస్తుంది. చర్మం దాటాక అది కెరటిన్ అనే ప్రోటీన్‌తో చేసిన ఉత్త పోగు, రక్తంతో దానికి లంకె తెగిపోతుంది. అక్కడి నుంచి దానికి తగిలేవన్నీ బయటివే: నీళ్లు, చెమట, నూనె, షాంపూ, హెన్నా, రంగు, రోడ్డు దుమ్ము.

మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్లు వాడతారని, జుట్టుకి ఏడాదిగా రంగు వేసుకుంటున్నారని మీరే రాశారు. ఒకసారి మీ గీజర్ కాయిల్ బయటికి తీయించి చూడండి. తెల్లగా, గట్టిగా, గోటితో గీకినా రాని పొర కట్టి ఉంటుంది. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర కూడా అదే తెలుపు కనిపిస్తుంది. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పొర. వారానికి రెండుమూడు సార్లు ఆ నీళ్లతో తలంటుకుంటే అవే లవణాలు వెంట్రుకలోకి దిగుతాయి. తడిసిన వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. రంగు వేసిన వెంట్రుక, స్ట్రెయిటెనింగ్ చేయించిన వెంట్రుక పైపొలుసులు లేచిపోయి ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. మీ రిపోర్టులో కాల్షియం గీత పేజీ పైఅంచుకి తగలడానికి ఇది చాలు.

రాగి సంగతీ అంతే. ఈతకొలనులో రోజూ ఈదేవాళ్లలో లేతరంగు జుట్టు ఉన్నవాళ్లకి అది ఆకుపచ్చగా మారుతుంది, నీళ్లలోని రాగి అంటుకోవడం వల్ల. వాళ్ల లివరుకి, మెదడుకి దానితో ఏ సంబంధమూ లేదు. చుండ్రు షాంపూల్లో జింక్ పైరిథియోన్ ఉంటే జింక్ పెరుగుతుంది, సెలీనియం సల్ఫైడ్ ఉంటే సెలీనియం పెరుగుతుంది. ఇక సోడియం, పొటాషియం చెమటతో వచ్చి చేరతాయి, కడిగితే పోతాయి. కొన్ని ల్యాబులు జుట్టుని కరిగించే ముందు డిటర్జెంటుతో కడుగుతాయి, కొన్ని కడగవు. ఒకే జడలోంచి తీసిన జుట్టుకి ఒకచోట సోడియం తక్కువ, ఇంకోచోట మామూలు అని రావడానికి ఆ ఒక్క తేడా చాలు.

ఇప్పుడు మీ రిపోర్టు రెండో పేజీ తీయండి. కాల్షియాన్ని పొటాషియంతో భాగించి దానికి 'థైరాయిడ్ నిష్పత్తి' అని పేరు పెట్టి ఉంటుంది. సోడియాన్ని మెగ్నీషియంతో భాగించి 'అడ్రినల్ నిష్పత్తి' అని ఉంటుంది. బోరు నీళ్ల వల్ల పెరిగిన అంకెని, కడిగితే తగ్గిపోయే అంకెతో భాగించారు. ఫలితం ఎక్కువ వచ్చింది కాబట్టి మీ థైరాయిడ్ సరిగా లేదన్నారు. ఆ పేజీ పైనుంచి కింది దాకా వెతకండి. థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ లేదు, థైరాయిడ్ హార్మోన్ టీ4 లేదు, అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్ లేదు. హార్మోన్ల గురించి అన్ని వాక్యాలు రాశారు గానీ ఒక్క హార్మోన్‌నీ కొలవలేదమ్మా. ఇది నన్ను చాలా బాధపెడుతుంది, ఎందుకంటే ఆ వాక్యాలు చదివి మీలాంటివాళ్లు నిజంగా పనిచేస్తున్న మందుని మానేస్తున్నారు.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 1985లో స్టీఫెన్ బారెట్ అనే అమెరికన్ డాక్టరు ఇద్దరు ఆరోగ్యవంతులైన టీనేజి పిల్లల జుట్టుని మారుపేర్లతో 13 ల్యాబులకి పంపాడు. ల్యాబుకీ ల్యాబుకీ అంకెలు కలవలేదు. అదే జుట్టుని అదే ల్యాబుకి మళ్లీ పంపినా చాలా ఖనిజాలకి అంకెలు మారాయి. 'అప్పటి సంగతి అది, ఇప్పుడు యంత్రాలు మారాయి' అని మీకు చెప్పొచ్చు. 2001లో కాలిఫోర్నియాలో మళ్లీ చేశారు. ఆరోగ్యంగా ఉన్న ఒక్క మనిషి జుట్టుని పంచి ఆరు ల్యాబులకి పంపారు. అమెరికాలో ఈ పరీక్షకి వచ్చే జుట్టులో తొంభై శాతం ఆ ఆరింటికే వెళ్లేది. కొన్ని ఖనిజాలకి ఒక ల్యాబు అంకెకీ ఇంకో ల్యాబు అంకెకీ పది రెట్లకు మించి తేడా వచ్చింది. ఏది మామూలు, ఏది ఎక్కువ అన్న హద్దులూ ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. తినమన్నవి, మానమన్నవి కూడా ఒకదానికొకటి విరుద్ధంగా వచ్చాయి. ఈ రెండు పరిశోధనలూ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చినవే.

అలాగని జుట్టు దేనికీ పనికిరాదని నేను అనను. కొన్నింటికి జుట్టుని మించిన సాక్ష్యం దొరకదు. 1971 చివర్లో, 72 మొదట్లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తనాల గోధుమని రైతు కుటుంబాలు పిండి చేసి రొట్టెలు చేసుకుని తిన్నాయి. ఆరున్నర వేల మంది ఆస్పత్రుల్లో చేరారు, అక్కడే 459 మంది చనిపోయారు. అప్పుడు తల్లుల పొడుగాటి జుట్టుని ముక్కలుగా కోసి, ఒక్కో సెంటీమీటరునీ విడిగా పరీక్షించారు. కడుపులో బిడ్డ ఏ నెలలో ఉండగా తల్లి ఒంట్లోకి ఎంత పాదరసం వెళ్లిందో ఆ ముక్కలే చెప్పాయి. ఆ విత్తనాలకి పట్టించిన పాదరసం రూపం, మిథైల్ మెర్క్యురీ, కెరటిన్‌ని అంత గట్టిగా పట్టుకుంటుంది, రక్తంలో కన్నా జుట్టులో సుమారు 250 రెట్లు ఉంటుంది. బావుల నీళ్లలో ఆర్సెనిక్ ఉన్న పశ్చిమ బెంగాల్ పల్లెల్లోనూ జుట్టు, గోళ్లు పరీక్షించారు. మత్తుమందులు వాడారా లేదా అని కోర్టులు, ఉద్యోగ సంస్థలు అడిగేచోట కూడా జుట్టు పనికొస్తుంది. ఇవన్నీ ఒంటికి సహజంగా అక్కరలేని పదార్థాలు, లోపలికి వెళ్లాయా లేదా అన్నది ప్రశ్న. కాల్షియం, సోడియం అలా కాదు. అవి అందరి ఒంట్లో, అందరి నీళ్లలో, అందరి చెమటలో ఉంటాయి.

హార్మోన్ల విషయంలో కూడా ఒక నిజమైన పరీక్ష ఉంది, దాన్నీ దీన్నీ కలపకండి. వెంట్రుకలో చేరిన కార్టిసాల్‌ని విడిగా బయటికి తీసి కొలుస్తారు. కుదురు నుంచి మూడు సెంటీమీటర్లు తీసుకుంటే మూడు నెలల సగటు తెలుస్తుంది. దీర్ఘకాలం టెన్షన్‌లో ఉన్నవాళ్ల మీద, కుషింగ్ సిండ్రోమ్ అనే జబ్బులో కార్టిసాల్ అతిగా పెరుగుతూ మళ్లీ తగ్గుతూ ఉండేవాళ్ల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అది పూర్తిగా వేరే పద్ధతి. డాక్టర్లు మామూలుగా రాసే పరీక్షల్లో ఇంకా చేరలేదు. ఖనిజాల రిపోర్టులోంచి కార్టిసాల్‌ని ఊహించే దారి లేదు.

మీకు సెంటర్‌లో చెప్పిన ఒక వాదన ఉంది: 'రక్తం ఆ క్షణం సంగతే చెప్తుంది, జుట్టు కణాల లోపలి సంగతి చెప్తుంది.' ఇందులో సగం నిజం. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో ఉంటుంది, మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తద్రవంలో ఉండదు. రక్తంలో కాల్షియం మామూలుగా ఉంది కాబట్టి ఎముకలు గట్టిగా ఉన్నాయని మేమూ అనం. దానికి ఎముకల సాంద్రత చూస్తాం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తాం. రక్తం పూర్తి సంగతి చెప్పకపోతే జుట్టు చెప్తుందని ఎలా అనుకోవాలి? జింక్ చూడండి. తిండి లేక బాగా చిక్కిపోయిన పిల్లల్లో జుట్టు పెరగడమే మందగిస్తుంది. పెరిగిన కొంచెం పోగులో జింక్ మామూలుగానే కనబడొచ్చు. జింక్ లేక అల్లాడుతున్న బిడ్డకి 'జింక్ సరిపడా ఉంది' అని రిపోర్టు వస్తుంది.

'అడ్రినల్ గ్రంథులు అలిసిపోవడం' అన్నది ఎండోక్రైనాలజిస్టులు ఒప్పుకునే జబ్బు కాదు. అడ్రినల్ గ్రంథులు నిజంగా దెబ్బతినే జబ్బు వేరే ఉంది, అడిసన్స్ డిసీజ్. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది. మనిషి చిక్కిపోతాడు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఉప్పు తినాలనిపిస్తుంది, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడతాయి. ఈ లక్షణాలు ఉంటే పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇచ్చి కార్టిసాల్ చూపించుకోవాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. రాగి విషయంలో అసలు భయపడాల్సింది ఒంట్లో నిజంగా రాగి పేరుకునే విల్సన్స్ డిసీజ్‌కి. దానికి రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూస్తారు, జుట్టు చూడరు. మీ రాగి చెంబుని ఆ రిపోర్టు చూసి పక్కన పెట్టక్కర్లేదు. నిమ్మరసం, మజ్జిగ లాంటి పుల్లటివి మాత్రం అందులో పోయకండి.

థైరాయిడ్ మాత్ర గురించి ఎందుకంత గట్టిగా చెప్పానో వినండి. కొన్నేళ్ల క్రితం ఒక టీచరమ్మ మా ల్యాబుకి వచ్చారు. కుర్చీలో కూర్చుని స్వెట్టర్ బొత్తాలు పెట్టుకుంటున్నారు, అది మే నెల. మొహం ఉబ్బి ఉంది, గొంతు బొంగురుగా ఉంది, పేరు చెప్పడానికి కూడా నెమ్మదిగా మాట వస్తోంది. ఇలాంటి జుట్టు రిపోర్టే చూసి నాలుగు నెలల క్రితం మాత్ర మానేశారట. 'మానేశాక మూడు వారాలు ఏమీ కాలేదండీ, నాకు మాత్రే అక్కర్లేదనుకున్నాను' అన్నారు. టీఎస్‌హెచ్ 80 దాటింది. మాత్ర మళ్లీ మొదలుపెట్టి మామూలు మనిషి కావడానికి ఆవిడకి చాలా నెలలు పట్టింది. థైరాక్సిన్ సగం తగ్గడానికే వారం పడుతుంది. అందుకే మానిన మొదట్లో ఏ తేడా తెలియదు. ఆ మూడు వారాలే మనిషిని మోసం చేస్తాయి.

ఇక మీ జుట్టు. మీరు చివర్లో ఒక ముక్క రాశారు, సెంటర్‌లో దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు: నాలుగు నెలల క్రితం డెంగ్యూ వచ్చి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నానని. నా అనుమానమంతా దాని మీదే. తల మీద వెంట్రుకల్లో ఎప్పుడూ 85 నుంచి 90 శాతం పెరిగే దశలో ఉంటాయి. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి తగ్గించడం లాంటివి జరిగితే వాటిలో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. రెండుమూడు నెలలయ్యాక అన్నీ కలిసి రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. మీ లెక్క సరిగ్గా సరిపోతోంది. రాలిన వెంట్రుకని వెలుతుర్లో పట్టుకుని కుదురు వైపు చూడండి, చిన్న తెల్లటి గుండు కనబడితే అది ఇలా విశ్రాంతి తీసుకుని రాలినదే. మామూలుగా ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఎక్కడైనా గుండ్రంగా బోడిగా ఊడినా, పాపిట వెడల్పవుతున్నా డెర్మటాలజిస్టుకి చూపించండి.

చేయించుకోవాల్సిన రక్త పరీక్షలు ఇవి: హిమోగ్లోబిన్‌తో సహా కంప్లీట్ బ్లడ్ కౌంట్, ఫెరిటిన్ (ఇనుము నిల్వలు చెప్పేది), టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, బీ12, విటమిన్ డి. అన్నీ కలిపినా మీరు సెంటర్‌లో కట్టిన దాంట్లో సగం కూడా కాకపోవచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 ఉండి కూడా ఫెరిటిన్ అట్టడుగున ఉండటం నేను రోజూ చూస్తాను. 30 కన్నా తక్కువుంటే ఇనుము నిల్వలు అయిపోయినట్టే లెక్క. ఓపిక లేకపోవడానికి అది ఒక్కటే కారణం కావచ్చు.

పరీక్షకి వెళ్లే ముందు ఒక ముఖ్యమైన సంగతి. జుట్టు కోసం 10 మిల్లీగ్రాముల బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్ల వేసుకుంటున్నానన్నారు. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి ఉంటుంది. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించొచ్చు. ఆ రిపోర్టు చూసి డాక్టరు మీ డోసు తగ్గించే ప్రమాదం ఉంది. రక్తం ఇవ్వడానికి కనీసం మూడు రోజుల ముందు బయోటిన్ ఆపండి, సంగతి ల్యాబులో కూడా చెప్పండి. ఆ రోజు పొద్దున థైరాక్సిన్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి. మధ్యలో మాత్ర మానేసి ఉంటే మాత్రం, మళ్లీ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ ఇంకోసారి చూపించుకోవాలి.

సెంటర్‌లో ఇచ్చిన డబ్బాల మీద రాసింది మీరు ఫోటో పెట్టారు, చూశాను. రెండింటిలో కాల్షియం, ఇనుము ఉన్నాయి. థైరాక్సిన్‌తో కలిపి వేసుకుంటే అవి మాత్రని పేగుల్లోనే పట్టేసి రక్తంలోకి వెళ్లనివ్వవు. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. 'థైరాయిడ్ కణాల్లోకి వెళ్లడం లేదు' అని చెప్పినవాళ్లే, అది రక్తంలోకే వెళ్లకుండా అడ్డుపడేవి పొద్దున్నే వేసుకోమన్నారు. మూడో డబ్బాలో జింక్ రోజుకి 50 మిల్లీగ్రాములు. అంత జింక్ నెలల తరబడి వేసుకుంటే రాగి తగ్గిపోయి రక్తహీనత, కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. నాలుగోదాంట్లో సెలీనియం. అది ఎక్కువైతే జరిగే మొదటి నష్టాల్లో జుట్టు ఊడటం ఒకటి. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంటులో తయారీ పొరపాటున సెలీనియం రెండు వందల రెట్లు పడింది, రెండు వందల మంది జబ్బుపడ్డారు, చాలామందికి జుట్టు రాలింది, గోళ్లు పెళుసెక్కాయి. రక్త పరీక్షలు వచ్చేదాకా నాలుగు డబ్బాలూ మూసి పెట్టండి. తక్కువని తేలినదాన్ని మాత్రమే, మీ డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి.

పాప విషయం. పాప ఆడుకుంటోంది, బరువు బాగానే ఉంది అని రాశారు, కాబట్టి ఏ పరీక్షా అక్కర్లేదు. సీసం గురించి భయం ఉంటే, అంటే ఇంట్లో పాత పెయింటు పొలుసులు రాలుతున్నా, పక్కన బ్యాటరీలు విప్పే షెడ్డు ఉన్నా, కళ్లకి బయట కొన్న సుర్మా పెడుతున్నా, చేతి నరంలోంచి తీసిన రక్తంలో సీసం చూపించండి, జుట్టులో కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో అయిదు వందల మందికి పైగా ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి పడిపోయినప్పుడు కూడా ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపింది రక్తం నమూనాలే, సీసం, నికెల్ కనబడింది వాటిలోనే. అమెరికాలో పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెడతారు. పాప తల నిమిరేటప్పుడు మీ పాపిట్లోని సింధూరం దాని చేతులకి, నోటికి అంటుతుంది, కొన్ని చౌక సింధూరాల్లో సీసం కలుస్తుంది. అది మార్చండి, పసుపు, సున్నంతో చేసిన కుంకుమ పెట్టుకోండి.

రక్త పరీక్షలు వచ్చాక టీఎస్‌హెచ్, ఫెరిటిన్ అంకెలు నాకు రాయండి. బయోటిన్ ఏ తేదీన ఆపారో, మాత్ర మధ్యలో ఎన్ని రోజులు మానారో కూడా దాంతోపాటే రాయండి.